ప్రపంచీకరణా, జాతీయ స్వాతంత్ర్యమా: నాలుగు దారులు, ఒక్కోదాని ఖరీదు

ఈ వాదన ఎక్కడ మొదలైనా కాసేపట్లో రెండు జట్లు తయారవుతాయి. ఒక జట్టు పేదరికం లెక్కలు తీస్తుంది. 1990లో ప్రపంచ జనాభాలో మూడో వంతుకు పైగా కటిక పేదరికంలో ఉండేవారు, కొవిడ్‌కు ముందు అది దాదాపు పదో వంతుకు దిగింది, దేశాల మధ్య వ్యాపారం పెరగకుండా ఇది జరిగేదా అని అడుగుతుంది. రెండో జట్టు మూతపడిన ఫ్యాక్టరీలను, పని లేక ఖాళీ అయిన ఊళ్లను చూపిస్తుంది. తమ పార్లమెంటు చేయాల్సిన చట్టాలను ఎక్కడో కూర్చున్నవాళ్లు రాస్తున్నారంటుంది. రెండు జట్లూ అబద్ధమాడటం లేదు, అందుకే వాదన తెగదు.

ఓటు వేయడానికో, డిబేట్‌లో మాట్లాడటానికో, పేపర్లో కొత్త వాణిజ్య ఒప్పందం గురించి చదివి ఇది మంచిదా చెడ్డదా అని తేల్చుకోవడానికో మీరు ఒక పక్షం ఎంచుకోవాల్సి వస్తే, ఈ పోలిక మీకోసమే. అవునా కాదా అన్నట్టు రెండే జవాబులు ఉండవు. దేశాలు నిజంగా నడిచిన దారులు స్థూలంగా నాలుగు: పూర్తిగా తెరవడం, పొరుగు దేశాలతో కూటమి కట్టడం, ఎంచి ఎంచి తెరవడం, మూసుకోవడం. వాటిని పోల్చేముందు వేటితో కొలవాలో చూద్దాం.

## అసలు ఏం తెరుస్తున్నాం?

ప్రపంచీకరణ అనే ఒకే మాట కింద నాలుగు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. సరుకులు, డబ్బు, నిబంధనలు, మనుషులు. ఒకదాన్ని బార్లా తెరిచి ఇంకోదానికి తాళం వేసిన దేశాలు చాలా ఉన్నాయి. చైనా 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరి సరుకుల్లో ప్రపంచానికే ఫ్యాక్టరీ అయింది. డబ్బు రాకపోకల మీద మాత్రం పట్టు వదల్లేదు. చిలీ 1990లలో దిగుమతి సుంకాలు బాగా తగ్గించి కూడా, బయటి నుంచి వచ్చే అప్పుల్లో కొంత భాగాన్ని ఏడాదిపాటు వడ్డీ లేకుండా సెంట్రల్ బ్యాంకులో ఉంచాలని షరతు పెట్టింది. ఇవాళ వచ్చి రేపు పారిపోయే డబ్బును ఆపడానికే ఆ షరతు.

కాబట్టి ఎవరైనా "నేను ప్రపంచీకరణకు వ్యతిరేకం" అంటే, దేనికి అని అడగండి. చొక్కాల దిగుమతికా, విదేశీ బ్యాంకుల అప్పులకా, విదేశీ కంపెనీలు దేశాల మీద కేసులు వేసే ట్రిబ్యునళ్లకా, వలసలకా? జవాబును బట్టి అవతలి మనిషి ఏ జట్టువాడో మారిపోతుంది.

## కొలవాల్సినవి ఐదు

ఒకటి, కాదంటే ఎంత ఖర్చవుతుంది? నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కాగితం మీద ప్రతి దేశమూ సార్వభౌమ దేశమే. ఐక్యరాజ్య సమితిలో అందరికీ ఒక్కో ఓటు ఉంది. కానీ ఒక షరతు నచ్చనప్పుడు "కుదరదు" అని లేచి వచ్చేయగలిగే శక్తి అందరికీ సమానంగా లేదు. ఆ శక్తి తలుపులు మూసుకుంటే వస్తుందనుకునేవాళ్లు 1991 నాటి భారత్‌ను చూడాలి. అప్పటికి దశాబ్దాలుగా ఎత్తైన సుంకాలు, లైసెన్సులతో నడిచిన ఆర్థిక వ్యవస్థ అది. గల్ఫ్ యుద్ధంతో చమురు ధర పెరిగి, అక్కడి నుంచి వచ్చే డబ్బు తగ్గేసరికి, విదేశీ మారక నిల్వలు కొన్ని వారాల దిగుమతులకు మించి మిగల్లేదు. దాదాపు 47 టన్నుల బంగారాన్ని బయటి బ్యాంకుల్లో తాకట్టు పెట్టి, అంతర్జాతీయ ద్రవ్య నిధి ఐఎంఎఫ్‌ను ఆశ్రయించాల్సి వచ్చింది. ఎగుమతులు సరిగా లేని దేశం తలుపులు ఎంత బిగించుకున్నా బేరమాడే స్థితిలో ఉండదు.

రెండు, కష్టకాలంలో చేతిలో ఏ పనిముట్లు మిగులుతాయి? సొంత కరెన్సీ, సొంత వడ్డీ రేటు, సుంకాలు పెంచే హక్కు, ఎగుమతులు ఆపే హక్కు. ప్రతి ఒప్పందమూ వీటిలో ఏదో ఒకదాన్ని తగ్గిస్తుంది.

మూడు, నష్టం ఎవరి నెత్తిన పడుతుంది, వాళ్లకు ఎప్పుడు, ఏం ఇస్తారు? వ్యాపారం తెరిస్తే దేశం మొత్తానికి లాభమనే లెక్క చాలాసార్లు నిజమే. కానీ లాభం కోట్లమందికి తలా కొంచెం దక్కితే, నష్టం కొన్ని ఊళ్లను నిలువునా ముంచుతుంది. 1999 నుంచి 2011 మధ్య చైనా దిగుమతుల పోటీ వల్ల అమెరికాలో 20 నుంచి 24 లక్షల ఉద్యోగాలు పోయాయని ఆర్థికవేత్తల అంచనా. అంత పెద్ద దేశానికి ఇది చిన్న అంకెలా కనిపించవచ్చు. ఫర్నిచర్, బట్టలు, బొమ్మలు చేసే పట్టణాల్లో మాత్రం ఉన్న ఉపాధి అదొక్కటే. పనిపోయినవాళ్లు వేరే ఊరికి వెళ్లి వేరే పని వెతుక్కుంటారని పాఠ్యపుస్తకాలు చెప్పాయి. చాలామంది వెళ్లలేదు.

నాలుగు, వెనక్కి రాగలమా? సుంకాన్ని మళ్లీ పెంచవచ్చు. కరెన్సీని వదులుకుంటే మళ్లీ తెచ్చుకోవడం నరకం.

ఐదు, ఈ పద్ధతిలో మనవాళ్లు పని నేర్చుకుంటారా? పది, ఇరవై ఏళ్ల తర్వాత సొంతంగా ఏదైనా తయారు చేయగలిగే స్థితి వస్తుందా, లేక ఎప్పటికీ బిగింపు పనే మిగులుతుందా?

వీటికి తోడు ఆర్థికవేత్త డానీ రోడ్రిక్ చెప్పిన ఒక సూత్రాన్ని గుర్తుంచుకోవాలి. పూర్తిస్థాయి ప్రపంచీకరణ, దేశ సార్వభౌమత్వం, ప్రజాస్వామ్యం, ఈ మూడింటిలో ఏ సమయంలోనైనా రెండే దక్కుతాయి, మూడోదాన్ని తగ్గించుకోక తప్పదు. మూడూ ఇస్తామని ఏ నాయకుడైనా అంటే, దేన్ని దాచిపెడుతున్నాడో వెతకండి.

## మొదటి దారి: పూర్తిగా తెరవడం

ఈ దారిలో గెలిచిన దేశం అనగానే అందరూ సింగపూర్ పేరే చెబుతారు. ఆ దేశ వాణిజ్యం దాని జీడీపీకి మూడు రెట్లకు పైనే. అయితే ఆ ఉదాహరణ ఇచ్చేవాళ్లు సగమే చెబుతారు. సింగపూర్‌లో భూమిలో అత్యధిక భాగం ప్రభుత్వానిదే, పౌరుల్లో దాదాపు 80 శాతం మంది ప్రభుత్వ సంస్థ కట్టిన ఇళ్లలో ఉంటారు. బయటి గాలి ఎంత విసిరినా లోపల జనానికి నీడ ఉండేలా చూసుకున్నాక తెరిచిన తలుపది.

ఆ నీడ లేకుండా తెరిస్తే ఏమవుతుందో హైతీ వరి రైతుల్ని చూస్తే తెలుస్తుంది. 1990ల మధ్యలో ఐఎంఎఫ్ షరతుల కింద బియ్యం మీద దిగుమతి సుంకాన్ని 3 శాతానికి దించారు. అమెరికాలో సబ్సిడీతో పండిన బియ్యం చవకగా వచ్చిపడింది. పట్నంలో కొనుక్కుని తినేవాడికి మొదట్లో మేలే. కానీ పండించేవాళ్లు పొలాలు వదిలారు. 2008లో ప్రపంచ మార్కెట్లో బియ్యం ధర ఎగబాకినప్పుడు ఆ చవక బియ్యమూ లేదు, సొంత పంటా లేదు, తిండి కోసం వీధుల్లో అల్లర్లు జరిగాయి. అప్పట్లో ఆ విధానాన్ని ముందుకు నెట్టిన అమెరికా మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్ 2010లో, అది తమ రాష్ట్ర రైతులకు పనికొచ్చిందేమో గాని హైతీకి చెరుపు చేసిందని బహిరంగంగానే ఒప్పుకున్నారు.

డబ్బు విషయంలో పూర్తి తెరుపు ఇంకా ప్రమాదం. 1997 జులై 2న థాయ్‌లాండ్ తన కరెన్సీ బాట్‌ను కాపాడలేక వదిలేసింది. కొన్ని నెలల్లో ఇండొనేసియా, దక్షిణ కొరియా కూడా ఐఎంఎఫ్ గుమ్మంలో నిలబడ్డాయి. కొరియా అంతకు ముందు ఏడాదే ధనిక దేశాల క్లబ్బు ఓఈసీడీలో చేరింది. బ్యాంకులకు విదేశాల్లో స్వల్పకాలిక అప్పులు తెచ్చుకునే వీలు కూడా అప్పటికే వచ్చేసింది. కార్లు, ఓడలు, చిప్‌లు చేసి ప్రపంచానికి అమ్మే దేశమే, సరుకుల వల్ల కాకుండా ఆ అప్పుల వల్ల కుప్పకూలింది. మలేసియా దారి వేరు. 1998 సెప్టెంబరులో పెట్టుబడి బయటికి పోకుండా ఆంక్షలు పెట్టి, డాలరుకు 3.80 రింగిట్ అని రేటు బిగించింది. దేశం నాశనమవుతుందని అప్పట్లో చాలామంది నిపుణులు హెచ్చరించారు, అలా జరగలేదు. ఆంక్షల వల్లే కోలుకుందా, అప్పటికే తుపాను వెలిసిందా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నాకు మాత్రం ఇందులో తేలిన సంగతి ఒకటుంది. కాదన్నా దేశం కూలిపోలేదు.

ఇక నిబంధనలు. ఇక్కడ ఉరుగ్వే కథ కాస్త దగ్గరగా చూడాలి. జనాభా 35 లక్షలు కూడా ఉండని దేశం. సిగరెట్ పెట్టె మీద 80 శాతం మేర హెచ్చరిక బొమ్మలు ఉండాలని, ఒక బ్రాండ్‌లో ఒకే రకం అమ్మాలని నిబంధన పెట్టింది. ఫిలిప్ మోరిస్ అనే సిగరెట్ కంపెనీ 2010లో ఉరుగ్వే కోర్టును దాటి, స్విట్జర్లాండ్‌తో ఆ దేశానికున్న పెట్టుబడుల ఒప్పందాన్ని పట్టుకుని అంతర్జాతీయ ట్రిబ్యునల్‌కెక్కింది. ఆరేళ్లు పట్టింది. 2016 జులైలో ఉరుగ్వే గెలిచింది, కంపెనీయే ఆ దేశ ఖర్చుల్లో 70 లక్షల డాలర్లు కట్టాలని తీర్పు వచ్చింది. గెలిచింది కదా, ఇంక గొడవేముంది అనవచ్చు. కేసు నడపడానికి ఉరుగ్వేకు బయటి దాతృత్వ సంస్థ సాయం కావాల్సి వచ్చిందని మరిచిపోకూడదు. ఆస్ట్రేలియా మీద అదే కంపెనీ వేసిన కేసు తేలేదాకా న్యూజిలాండ్, సిగరెట్లను బ్రాండ్ గుర్తులు లేని సాదా పెట్టెల్లోనే అమ్మాలనే తన చట్టాన్ని ఆపుకుని కూర్చుంది. ఓడిన కేసు కూడా పక్క దేశంలో చట్టాన్ని కొన్నేళ్లు ఆలస్యం చేయగలదన్నమాట. అందుకే ఒప్పందాల్లో సుంకాల పట్టిక కంటే వివాదాల అధ్యాయం ముందు చదవాలంటాను.

## రెండో దారి: పొరుగువారితో కూటమి

యూరోపియన్ యూనియన్ ఈ దారికి పెద్ద నమూనా. 27 దేశాలు ఒకే మార్కెట్, చాలావాటికి ఒకే కరెన్సీ. చిన్న దేశానికి ఇందులో దక్కేది బరువు. బ్రిటన్ యూనియన్ నుంచి బయటికి వచ్చే బ్రెగ్జిట్ చర్చల్లో ఐర్లాండ్ సరిహద్దు విషయం వచ్చినప్పుడు మిగతా 26 దేశాలూ ఐర్లాండ్ వెనకాలే నిలబడ్డాయి. 50 లక్షల జనాభా ఉన్న దేశం ఒంటరిగా బ్రిటన్‌తో బేరమాడితే ఫలితం వేరేలా ఉండేది.

అదే ఐర్లాండ్‌కు కూటమి ఇంకో ముఖం కూడా చూపించింది. యాపిల్ నుంచి 1,300 కోట్ల యూరోల పన్ను బకాయి వసూలు చేయాలని యూరోపియన్ కమిషన్ 2016లో ఆదేశిస్తే, మాకొద్దు మహాప్రభో అని ఐర్లాండే కోర్టుకెళ్లింది. తక్కువ పన్నుతో కంపెనీలను రప్పించుకోవడం ఆ దేశం ఎంచుకున్న విధానం మరి. 2024 సెప్టెంబరులో ఐర్లాండ్ ఓడిపోయి, డబ్బు తీసుకోక తప్పలేదు. దీన్ని సార్వభౌమత్వం పోవడమనాలా, లేక ఏ ఒక్క దేశమూ ఒంటరిగా లొంగదీయలేని కంపెనీ మీద పన్ను వేసే శక్తి రావడమనాలా? రెండూ నిజమే. మీరు ఏ వైపు మొగ్గుతారో దాన్నిబట్టే ఈ దారి మీకు నచ్చుతుందో లేదో తెలిసిపోతుంది.

కరెన్సీ కూడా ఇచ్చేస్తే ఏమవుతుందో చూడటానికి యూరో వాడే గ్రీస్‌ను, సొంత కరెన్సీ ఉంచుకున్న ఐస్‌లాండ్‌ను పక్కపక్కన పెట్టడం మంచిది.

గ్రీస్‌లో 2015 జూన్ చివర బ్యాంకులు మూసేశారు. ఏటీఎంలో రోజుకు 60 యూరోలకు మించి రావు. పెన్షన్ కోసం ముసలివాళ్లు బ్యాంకుల ముందు బారులు తీరారు. జులై 5న రిఫరెండం పెడితే 61 శాతం మంది అప్పు ఇచ్చినవాళ్ల షరతులు వద్దన్నారు. వారం తిరిగేసరికి, 13వ తేదీ పొద్దున, అదే ప్రభుత్వం అలాంటి షరతులకే తలూపింది. ఓటర్లు కాదన్నారు, కానీ కాదన్నాక బ్యాంకుల్లో పోయడానికి సొంత డబ్బు ముద్రించుకునే యంత్రం ఆ దేశం చేతిలో లేదు.

ఐస్‌లాండ్‌లో 2008 అక్టోబరులో మూడు పెద్ద బ్యాంకులూ ఒకే వారంలో కూలాయి. కరెన్సీ క్రోనా విలువ సగానికి పడింది. ప్రభుత్వం డబ్బు బయటికి పోకుండా ఆంక్షలు పెట్టింది, అవి 2017 దాకా నడిచాయి. ఒక బ్యాంకులో డబ్బు దాచుకున్న బ్రిటన్, నెదర్లాండ్స్ డిపాజిటర్ల బాకీ ప్రజల సొమ్ముతో కట్టాలన్న ఒప్పందాలను ఓటర్లు 2010లో ఒకసారి, 2011లో మరోసారి తిప్పికొట్టారు. 2013లో యూరోపియన్ ఫ్రీ ట్రేడ్ అసోసియేషన్ (ఈఎఫ్‌టీఏ) కోర్టు కూడా ఐస్‌లాండ్ పక్షానే తీర్పిచ్చింది. గ్రీస్‌లో నిరుద్యోగం 27 శాతం దాటితే, ఐస్‌లాండ్‌లో పది శాతం లోపే ఆగింది.

అలాగని ఐస్‌లాండ్ వాళ్లు సుఖపడ్డారనుకోకండి. ధరలు ఏడాదిలో 18 శాతం పెరిగాయి, విదేశీ కరెన్సీలో ఇంటి అప్పు తీసుకున్నవాళ్ల వాయిదాలు ఉన్నట్టుండి కొండెక్కాయి. అదీగాక గ్రీస్ మునిగింది ప్రభుత్వ అప్పుల్లో, ఐస్‌లాండ్ మునిగింది బ్యాంకుల అప్పుల్లో, కాబట్టి పోలిక సరిసమానం కాదు. నొప్పి రెండుచోట్లా ఉంది. ఐస్‌లాండ్‌లో అది ధరల రూపంలో అందరికీ తలా కొంత పంచుకున్నట్టయింది, గ్రీస్‌లో ఉద్యోగం పోయినవాళ్ల మీద మొత్తంగా పడింది.

మధ్యేమార్గంగా నార్వే ఉంది. 1972లో, 1994లో రెండుసార్లు యూరోపియన్ కూటమిలో చేరబోమని ఓటేసి, ఒకే మార్కెట్‌లో మాత్రం భాగమైంది. చేపలు, వ్యవసాయం తన చేతిలోనే ఉంచుకుంది. బదులుగా బ్రస్సెల్స్‌లో తయారయ్యే మార్కెట్ నిబంధనలను తనకు ఓటు లేకుండానే అమలు చేస్తుంది, డబ్బు కూడా కడుతుంది. చమురు నిధి ఉన్న దేశం కాబట్టి ఆ బేరం సాగుతోంది.

బయటికి రావడం ఎలా ఉంటుందో బ్రిటన్ చూపించింది. 2016 జూన్‌లో 51.9 శాతం ఓట్లతో నిర్ణయం, 2020 జనవరి 31న నిష్క్రమణ, ఆ ఏడాది చివరిదాకా పాత నిబంధనలే. చర్చలు చివరిదాకా చిక్కుకున్నది ఆర్థిక వ్యవస్థలో వెయ్యో వంతు కూడా సరిగా లేని చేపల వేట దగ్గర! ఉత్తర ఐర్లాండ్ కోసం సొంత దేశం మధ్యలోనే సరుకుల తనిఖీలు పెట్టుకోవాల్సి వచ్చింది. దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తగ్గుతుందని బ్రిటన్ ప్రభుత్వ బడ్జెట్ అంచనాల సంస్థే లెక్కగట్టింది. అయినా సొంత నిర్ణయం కోసం ఆ 4 శాతం ఇస్తామనే హక్కు ఓటర్లకు ఉంది. లెక్క ముందే చెప్పి అడిగి ఉంటే వాదన ఇంకాస్త నిజాయితీగా ఉండేది.

## మూడో దారి: ఎంచి ఎంచి తెరవడం

పేపర్ మీద చూస్తే అందరికీ నచ్చేది ఇదే. చేయడమే కష్టం.

దక్షిణ కొరియా 1960ల చివర ఉక్కు ఫ్యాక్టరీ పెడతానంటే ప్రపంచ బ్యాంకు, పశ్చిమ దేశాల కన్సార్టియం లాభసాటి కాదని పక్కకు తప్పుకున్నాయి. జపాన్ ఇచ్చిన నష్టపరిహారం డబ్బుతో పోస్కో కట్టారు, 1973లో ఉత్పత్తి మొదలైంది, తర్వాత అది ప్రపంచంలోని పెద్ద ఉక్కు కంపెనీల్లో ఒకటైంది. ఇంతవరకు అందరూ చెబుతారు. అసలు కిటుకు ఇంకోచోట ఉంది. కొరియా ప్రభుత్వం కంపెనీలకు రక్షణ ఇచ్చినప్పుడు ఎగుమతి లక్ష్యం కూడా పెట్టేది, అది అందుకోనివాళ్లకు చవక అప్పులు ఆగిపోయేవి. రక్షణకు గడువుండేది, పరీక్ష ఉండేది.

బ్రెజిల్ 1984లో కంప్యూటర్ల చట్టం తెచ్చి చిన్న కంప్యూటర్ల మార్కెట్‌ను ఎనిమిదేళ్లు సొంత కంపెనీలకే కేటాయించింది. ఎగుమతి పరీక్ష లేదు. ఇంట్లో వినియోగదారులు పాత రకం యంత్రాలకు ఎక్కువ ధర పెట్టారు, మిగతా పరిశ్రమలు కూడా వెనకబడ్డాయి, గడువు తీరాక చట్టాన్ని ఎత్తేశారు. రక్షణ అన్న మాట ఒకటే, షరతు ఉందా లేదా అన్నదే తేడా.

ధనిక దేశమైనా గురి తప్పవచ్చు. 2018 జనవరిలో అమెరికా దిగుమతి వాషింగ్ మెషిన్ల మీద సుంకం వేసింది. వాటి ధర దాదాపు 12 శాతం పెరిగింది. సుంకమే లేని డ్రయర్ల ధర కూడా అంతే పెరిగింది, ఎందుకంటే అక్కడ రెండూ జతగా కొంటారు, షాపువాళ్లు పెంపును రెండింటికీ సర్దేశారు. సుమారు 1,800 ఉద్యోగాలైతే వచ్చాయి. వినియోగదారులు అదనంగా పెట్టిన ఖర్చును వాటితో భాగిస్తే ఒక్కో ఉద్యోగానికి ఏడాదికి 8 లక్షల డాలర్లకు పైనే పడిందని ఆర్థికవేత్తలు తేల్చారు. ఆ డబ్బు నేరుగా కార్మికులకు పంచినా మేలేమో!

కొత్త కాలపు ఉదాహరణ ఇండొనేసియా. 2020 జనవరి నుంచి ముడి నికెల్ ఎగుమతి ఆపేసి, కావాలంటే ఇక్కడే కరిగించి తీసుకెళ్లండి అంది. ఫ్యాక్టరీలు వచ్చాయి, ఎగుమతి ఆదాయం పెరిగింది. ఎక్కువభాగం చైనా కంపెనీలవే, బొగ్గు కరెంటుతో నడిచేవే, కాబట్టి ఎవరి చేతికి చిక్కామన్న ప్రశ్న పోలేదు. యూరప్ ఫిర్యాదు మీద 2022లో ప్రపంచ వాణిజ్య సంస్థ ప్యానెల్ ఇండొనేసియాకు వ్యతిరేకంగా తేల్చితే, అది అప్పీలుకు వెళ్లింది. అప్పీలు వినాల్సిన విభాగమేమో, సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు. అంటే ఆ తీర్పు గాల్లో వేలాడుతోంది. నిబంధనల వ్యవస్థ బలహీనపడితే లాభపడేది బలవంతులే అనుకుంటాం, ఈ ఒక్క కేసులో మధ్యస్థాయి దేశానికి కలిసొచ్చింది. రేపు దానికి కావాల్సినప్పుడు కూడా ఆ కోర్టు ఉండదు మరి.

## నాలుగో దారి: మూసుకోవడం

దీని మీద ఎక్కువ రాయాల్సిన పనిలేదు. అల్బేనియా 1976 రాజ్యాంగంలో విదేశీ అప్పులనే నిషేధించింది. 1991 ఆగస్టులో వ్లోరా అనే ఒకే ఓడ మీద దాదాపు 20 వేలమంది ఎక్కి ఇటలీలోని బారీ రేవుకు పారిపోయారు. ఆ ఫొటో చూస్తే చాలు.

కానీ ఈ దారిలో ఒక ముక్క పనికొచ్చేదే. అన్నీ సొంతంగా చేసుకోవాల్సిన అవసరం లేదు, అత్యవసరమైన కొన్నిటికి మాత్రం ఒకే చేతి మీద ఆధారపడకూడదు. 2020 వసంతంలో మాస్కులు, వెంటిలేటర్ల వంటివాటి ఎగుమతుల మీద 80 దాకా దేశాలు ఆంక్షలు పెట్టాయి. అప్పటిదాకా స్వేచ్ఛా వాణిజ్యం గురించి ఉపన్యాసాలిచ్చిన దేశాలూ అందులో ఉన్నాయి. జర్మనీ 2021లో తన గ్యాస్ దిగుమతుల్లో సగానికి పైగా రష్యా నుంచి తెచ్చుకునేది. ఉక్రెయిన్ యుద్ధం వచ్చాక పది నెలల్లోపే విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవులో ఓడల మీద వచ్చే గ్యాస్‌ను దించుకునే టెర్మినల్ కట్టుకుంది. ఆ పని ముందే చేసి ఉంటే బిల్లు అంత పెరిగేది కాదు. గమనించండి, జర్మనీ వెతుక్కున్న మందు కూడా దిగుమతే, వేరే దేశాల నుంచి. స్వావలంబన అంటే చాలా వస్తువుల్లో ఇద్దరు ముగ్గురు సరఫరాదారులు, కొన్ని నెలల నిల్వ, అంతే.

## ఒక్కచోట చూస్తే

| కొలత | పూర్తి తెరుపు | కూటమి | ఎంచి తెరవడం | మూసుకోవడం |
|---|---|---|---|---|
| కాదనగల శక్తి | దేశం లోపలి బలాన్ని బట్టి | గుంపుగా ఎక్కువ, ఒంటరిగా తక్కువ | మార్కెట్ పెద్దదైతే ఎక్కువ | మాటల్లో ఎక్కువ, చేతల్లో తక్కువ |
| సంక్షోభంలో పనిముట్లు | డబ్బు తెరిస్తే చాలా తక్కువ | ఉమ్మడి కరెన్సీ ఉంటే తక్కువ | చాలావరకు చేతిలోనే | ఉన్నా విదేశీ మారకం ఉండదు |
| నష్టపోయేవారు | పోటీ పడలేని రైతులు, కార్మికులు | బలహీన సభ్యదేశాల యువత | వినియోగదారులు | దాదాపు అందరూ |
| వెనక్కి రావడం | సరుకుల్లో తేలిక, ట్రిబ్యునళ్లలో కష్టం | ఏళ్లు పడుతుంది | తేలిక, లాబీలు అడ్డుపడకపోతే | కుప్పకూలాకే |
| పని నేర్చుకోవడం | చదువు, శిక్షణ ఉంటేనే | మధ్యస్థం | షరతులుంటే బాగా | కొద్దిగా, పాత రకం |

## మీరెవరో దాన్నిబట్టి

చిన్న దేశపు ఓటరైతే ఎంచి తెరవడమనే మాట వినసొంపుగా ఉన్నా, మీ మార్కెట్ కోసం ఎవరూ షరతులకు ఒప్పుకోరు. కొరియా ఆడిన ఆట ఆడాలంటే అంత జనాభా, అంత కఠినమైన యంత్రాంగం కావాలి. మీకు కూటమే మేలు, కరెన్సీ మాత్రం ఇచ్చేముందు పదిసార్లు ఆలోచించండి. నార్వే, ఐస్‌లాండ్ లాంటి సగం సభ్యత్వాలు అవమానకరంగా కనిపిస్తాయి గాని, ఇబ్బంది వచ్చిన రోజున పనికొస్తాయి.

పెద్ద దేశపు ఓటరైతే మీ మార్కెట్టే మీ బేరం. మూడో దారి మీకు నిజంగా తెరిచి ఉంది. మీకున్న ప్రమాదం బయట లేదు, లోపలే ఉంది. ఒకసారి సుంకం రుచి మరిగిన పరిశ్రమ దాన్ని వదలదు. ఎవరైనా రక్షణ అడిగితే, ఎన్నేళ్లకు, ఏం సాధించి చూపిస్తావు, సాధించకపోతే ఏం వదులుకుంటావు అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాతలో అడగండి.

దిగుమతుల పోటీ ఉన్న రంగంలో పనిచేస్తుంటే ఒప్పందానికి వ్యతిరేకంగా నిలబడటం మీ హక్కు, అది వెనకబాటుతనమేమీ కాదు. కానీ సుంకం మీ ఉద్యోగాన్ని యంత్రాల నుంచి కాపాడదు. మీ యూనియన్ అడగాల్సింది సుంకం కంటే పరిహారం: ఒప్పందం అమలుకు ముందే కేటాయించిన నిధి, మీ ఊళ్లోనే ఇంకో పని. తర్వాత ఇస్తామన్న సాయం సాధారణంగా రాదు, వచ్చినా ఊరు ఖాళీ అయ్యాక వస్తుంది.

ఎగుమతి ఫ్యాక్టరీలో పనిచేసేవారైతే తెరుపు మీకు జీతం ఇస్తోంది. ఆ జీతం కింద ఏ పునాది ఉందో కూడా చూసుకోవాలి. 2013 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయాకే విదేశీ బ్రాండ్లు భవనాల భద్రత మీద చట్టబద్ధంగా కట్టుబడే ఒప్పందానికి సంతకాలు చేశాయి. ప్రపంచీకరణ నిబంధనలు ఎప్పుడూ పెట్టుబడిని కాపాడటానికే ఉండాలని లేదు. కార్మికుల కోసం కూడా రాయవచ్చని ఆ ఒప్పందం చూపింది.

డిబేట్‌లో మాట్లాడాల్సి ఉంటే ఏ పక్షం ఇచ్చినా ముందు నాలుగు సంగతులను విడదీయండి. ప్రపంచీకరణ పక్షమైతే సరుకుల మీద నిలబడండి, స్వల్పకాలిక పెట్టుబడులను సమర్థించే టెన్షన్ పెట్టుకోకండి. స్వాతంత్ర్యం పక్షమైతే కరెన్సీ, ప్రజారోగ్య చట్టాలు మీ కోట, అక్కడి నుంచి కదిలి సుంకాల్లోకి దిగితే వాషింగ్ మెషిన్ల లెక్కతో కొడతారు.

నన్నే ఒక వరస చెప్పమంటే: సరుకులు ముందు, ఫ్యాక్టరీలు కట్టే దీర్ఘకాలిక పెట్టుబడి తర్వాత, స్వల్పకాలిక డబ్బు అన్నిటికన్నా చివర, అదీ బ్యాంకుల మీద నిఘా గట్టిపడ్డాకే. కరెన్సీ చేతిలోనే ఉండాలి. మనుషుల రాకపోకల మీద నాకంత గట్టి సూత్రం లేదు. అది ఆర్థిక లెక్కతో పాటు, ఒక సమాజం ఎంత వేగంతో కొత్తవాళ్లను కలుపుకోగలదన్న దాని మీద కూడా ఆధారపడుతుంది.

ఏ ఒప్పందం పత్రం చేతికొచ్చినా బయటికొచ్చే నిబంధన ఎక్కడుందో వెతకండి. చాలా పెట్టుబడుల ఒప్పందాల్లో, దేశం తప్పుకున్నాక కూడా పది నుంచి ఇరవై ఏళ్లు పాత పెట్టుబడులకు రక్షణ కొనసాగుతుందని రాసుంటుంది. ఇంధన రంగ పెట్టుబడులను కాపాడే ఎనర్జీ చార్టర్ ఒప్పందం నుంచి ఇటలీ 2016లో బయటపడింది. తీరం దగ్గర చమురు తవ్వకాలను నిషేధించినందుకు, అదే ఒప్పందం కింద ఒక బ్రిటిష్ కంపెనీకి దాదాపు 19 కోట్ల యూరోలు కట్టాలని 2022లో ట్రిబ్యునల్ ఆదేశించింది. ఆ తీర్పును రద్దు చేయించుకునేసరికి 2025 వచ్చింది. అంటే తప్పుకున్న తొమ్మిదేళ్ల తర్వాత కూడా లాయర్ల ఫీజులు కడుతూనే ఉందన్నమాట.